జైలు హోం శాఖది, జ్వరం మీ శాఖది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగార్లకు,

జైళ్ల గురించిన ఉత్తరం మనకెందుకు వచ్చిందా అని మీ పేషీలో ఎవరైనా అనుకుంటే వాళ్ల తప్పేమీ లేదు. జైళ్లు హోం శాఖ కింద ఉంటాయి. అక్కడి గోడ, గేటు, తాళం, వార్డరు అన్నీ ఆ శాఖవే. అయితే ఇదే ఉత్తరం అక్కడికి పంపితే "వైద్య సిబ్బంది సంగతి కదా, ఆరోగ్య శాఖకు రాసుకోండి" అంటారు. మీకు పంపితే "జైళ్ల సంగతి కదా, హోం శాఖకు రాసుకోండి" అనే అవకాశం ఉంది. అది తెలిసే మీకు రాస్తున్నాను. కవరు మీద హోం శాఖ చిరునామా వెయ్యలేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరైన మనిషిని. జైల్లో ఉద్యోగం చెయ్యలేదు గానీ, జైలు నుంచి ఎస్కార్టుతో వచ్చే రోగుల్ని సర్వీసు పొడుగునా చూశాను. చేతికి బేడీ, బేడీ రెండో కొస మంచానికి, పక్కన స్టూళ్ల మీద ఇద్దరు కానిస్టేబుళ్లు. "ఫిట్స్ ఎప్పుడు మొదలయ్యాయి? ఎన్నిసార్లు వచ్చాయి? మధ్యలో తెలివొచ్చిందా?" అని డాక్టరుగారు అడిగితే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. వాళ్లనేమంటాం, డ్యూటీ వేస్తే వచ్చారు. రాత్రి బ్యారక్‌లో ఏం జరిగిందో చూసినవాళ్లు లోపలే ఉండిపోయారు. రోగి మా దాకా వచ్చేవాడు, రోగం సంగతి మాత్రం గేటు దాటేది కాదు.

నేను అడిగేది ఇది. మన జైళ్లలో రాత్రీ పగలూ నర్సు ఉండాలి. ఆ నర్సుకు జీతం మీ శాఖ ఇవ్వాలి, పనికి జవాబుదారీ మీ శాఖకే ఉండాలి.

జైలు వైద్యం అనగానే అందరూ డాక్టరు పోస్టుల ఖాళీల గురించే మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు ఉండాలని 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్ లెక్క. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం దేశంలో సగటున 775 మందికి ఒక్కరు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణ తేలనివాళ్లు, అంటే చట్టం దృష్టిలో నేరం చేశారో లేదో తెలియనివాళ్లు. ఆ ఒక్క ఏడాదే 1,995 మంది జైలు కస్టడీలో చనిపోయారు. అందులో 1,773 మరణాల్ని "సహజ మరణాలు" అనే గడిలో వేశారు. జబ్బు చేసి పోతే సహజమన్నమాట. ఏ జబ్బో కింద రాస్తారు. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఎవరైనా చూశారా, చూసి వదిలేశారా అన్నది ఆ గడిలో పట్టదు.

సరే, డాక్టరు పోస్టులన్నీ రేపే నింపారనుకుందాం. అప్పుడైనా డాక్టరు పొద్దున వస్తారు, ఓపీ చూస్తారు, మందులు రాస్తారు, వెళ్తారు. చీకటి పడేలోపు లాకప్ అవుతుంది. అక్కడి నుంచి తెల్లారేదాకా లోపల రోగి, బయట వార్డరు. నడిరాత్రి ఒకడికి ఛాతీలో నొప్పి వస్తే పక్కవాళ్లు కటకటాలు బాదాలి, పళ్లేలు మోగించాలి. వార్డరు రావాలి. నిజంగా నొప్పా, నటనా అని తేల్చుకోవాలి. రాత్రిపూట బ్యారక్ తాళం తియ్యాలంటే పైఅధికారి లేచి రావాలి. ఆ రోగి విషయంలో జరిగే మొట్టమొదటి వైద్య నిర్ణయం వార్డరుది. "పొద్దున డాక్టరు వస్తాడు, పడుకో" అన్నది కూడా వైద్య నిర్ణయమే, కాకపోతే ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. ఆ వార్డరుకు నాడి చూడటం ఎవరూ నేర్పలేదు. పొరపాటైతే సస్పెండయ్యేది మాత్రం ఆయనే. కాబట్టి ఈ ఉత్తరం వార్డర్ల మీద ఫిర్యాదు అనుకోకండి. వాళ్ల నెత్తి మీద ఉండకూడని బరువు దించమని అడుగుతున్నాను.

మన ప్రాంతానికే చెందిన ఒక సంగతి చెబుతాను, ఢిల్లీలో రాసే మాన్యువళ్లకు ఇది అంతగా తట్టదు. తెలంగాణలో కల్తీ కల్లు ఉంది. చెట్టు ఇచ్చేది చాలక క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ కలిపి అమ్ముతారు. ఏళ్ల తరబడి అది తాగిన మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు కాంపౌండ్లు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం ఎలా పరుగెత్తారో మీ శాఖకు గుర్తుండే ఉంటుంది. సారా, చీప్ లిక్కరు తాగేవాళ్లదీ ఇంచుమించు ఇదే దారి. చివరి గ్లాసు తర్వాత ఒక రోజులోపు వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మతి తప్పడం.

ఇప్పుడు ఈ గంటల్ని పోలీసు గంటలతో కలిపి చూడండి. అరెస్టు, స్టేషనులో ఒక రాత్రి, మర్నాడు మేజిస్ట్రేటు ముందు హాజరు, రిమాండ్, సాయంత్రానికి జైలు గేటు. శరీరం తిరగబడే సమయానికే ఆ మనిషి కొత్త బ్యారక్‌లో, తెలియని ముఖాల మధ్య కూర్చుని ఉంటాడు. కేకలు వేస్తే గొడవ చేస్తున్నాడంటారు. ఎవరో మీదికొస్తున్నారని భ్రమపడి పక్కవాణ్ని నెడితే అది క్రమశిక్షణ కేసు. తీసుకెళ్లి విడిగా గదిలో పెడతారు. ఒంటరిగా వదలకూడని రోగి ఎవరంటే అతనే.

దీన్ని కనిపెట్టడానికి ఎం.డి. చదవక్కర్లేదు. చేతులు చాపమని వేళ్లు చూడాలి. చెమట చూడాలి, నాడి లెక్కపెట్టాలి. "చివరిసారి ఎప్పుడు తాగావు నాయనా, రోజుకి ఎంత?" అని తప్పు పట్టని గొంతుతో అడగాలి. నాలుగ్గంటలకోసారి మళ్లీ చూసి లక్షణాల తీవ్రతకు అంకె వెయ్యాలి. అంకె పెరుగుతుంటే డాక్టరుకు ఫోను చెయ్యాలి. మెడికల్ వార్డులో మేం రోజూ చేసిన పనే ఇది. కొత్తగా వచ్చిన ఖైదీకి వైద్య పరీక్ష జరగాలని 1894 నాటి ప్రిజన్స్ యాక్టులోనే ఉంది, జరుగుతూనే ఉంది. కానీ ఆ పరీక్ష ఒక్కసారి జరిగే పని. వచ్చిన సాయంత్రం బాగానే ఉన్నవాడు మూడో రాత్రి ఎలా ఉన్నాడో చూసే మనిషి గురించి నేను మాట్లాడుతున్నాను.

మందుల దగ్గరా ఇదే కథ. సాయంత్రం అయిదు, అయిదున్నరకే భోజనం పెట్టేచోట రాత్రి వెయ్యాల్సిన ఇన్సులిన్ ఎవరు వేస్తారు? భోజనంతోపాటే వేసేస్తే, తెల్లవారుజామున చక్కెర పడిపోయి చెమటలు పట్టినవాడి నోట్లో ఇంత పంచదార వేసేదెవరు? రాత్రి వేసుకోవాల్సిన ఫిట్స్ బిళ్లని లాకప్‌కు ముందే చేతిలో పెట్టి పంపేస్తే వేసుకున్నాడో లేదో ఎవరు చూశారు? మానసిక జబ్బుకిచ్చే బిళ్లలు నాలుక కింద దాచి, పోగుచేసి, ఒకనాడు అన్నీ కలిపి మింగేవాళ్లుంటారు. బీడీకట్టకు మార్చుకునేవాళ్లూ ఉంటారు. అందుకే మందు ఇవ్వడం వేరు, వేయించడం వేరు. బిళ్ల నోట్లో వేసి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూసి, అప్పుడు చార్టులో సంతకం పెట్టాలి. చాలా చిన్న పని. ఆరు నెలల టీబీ చికిత్స మొత్తం ఆ చిన్న పని మీద ఆధారపడి ఉంది.

ఇంకో చిక్కు బెయిలు. బెయిలు కాగితాలు సాయంత్రం వస్తాయి, మనిషి సంచి సర్దుకుని ఆ రాత్రే బస్సెక్కుతాడు. ఎక్కడైనా అంతే, నిలబడి మందులు అడిగి తీసుకెళ్లేంత ఓపిక ఆ క్షణంలో ఎవరికుంటుంది? టీబీ కోర్సూ, హెచ్ఐవీకి వాడే ఏఆర్‌టీ మాత్రలూ జైలు అల్మారాలో ఉండిపోతాయి. లోపల నర్సు ఉంటే అతని ఊరి ఏఎన్ఎంకు ఒక ఫోను చేస్తుంది: "మీ ఊరాయన వస్తున్నాడమ్మా, నాలుగో నెల నడుస్తోంది, రేపు ఇంటికెళ్లి కలువు." నర్సు నర్సుకు చెప్పే మాటకు జీవో అక్కర్లేదు. చెప్పే మనిషే లోపల లేదు.

జైళ్లలో ఇప్పుడు నర్సింగ్ అసలు లేదని నేననను. ఉంది. దాన్ని ఎక్కువగా చేసేది ఖైదీలు. లేవలేనివాణ్ని లేపేది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది, బెడ్‌పాన్ పెట్టేది, రాత్రి మేలుకుని కూర్చునేది తోటి ఖైదీలే. మన తెలుగువాళ్ల విషయమే తీసుకోండి. 2020 జులైలో నవీ ముంబై దగ్గరి తలోజా జైల్లో ఉన్న కవి వరవరరావుగారు తనంతట తాను నడవలేక, పళ్లు తోముకోలేక, మరుగుదొడ్డికి వెళ్లలేక ఉన్నారని తోటి ఖైదీ ద్వారా కుటుంబానికి తెలిసింది. ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నదీ సహ ఖైదీలే. 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆరోగ్య కారణాల మీద బెయిలిచ్చింది. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా చక్రాల కుర్చీలోనే నాగపూర్ సెంట్రల్ జైల్లో ఏళ్లు గడిపి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి, అదే అక్టోబరులో హైదరాబాదు నిమ్స్‌లో పోయారు. వాళ్ల రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు. నేనిక్కడ నర్సుగా మాట్లాడుతున్నాను. నడుం కింద చచ్చుబడిన మనిషిని రెండు గంటలకోసారి ఎటు తిప్పాలో, పుండు పడకుండా ఎక్కడ దిండు పెట్టాలో తెలియకుండా చేసే సేవలో ఎంత ప్రేమ ఉన్నా పుండు పడుతుంది.

పేరున్నవాళ్ల సంగతి కాస్త వేరుగా ఉంటుంది. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడుగారు రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకు వెళ్లినప్పుడు ఆయన చర్మం మీది అలర్జీ, కంట్లోని శుక్లం రాష్ట్రమంతా మాట్లాడుకున్న విషయాలు. ప్రభుత్వ వైద్యులు వెళ్లి చూశారు. కంటి ఆపరేషను కోసం అక్టోబరు 31న హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, రోగికి జరగాల్సిందే జరిగింది. అదే జైలు ఉక్కలో పక్క బ్యారక్‌లో ఒళ్లు గోక్కుంటూ కూర్చున్నవాడెవడైనా ఉంటే అతని కోసం కూడా ఎవరైనా వెళ్లాలి కదా అన్నదే నా బాధ. ఇప్పుడు ఆయనే ముఖ్యమంత్రి కాబట్టి ఆంధ్రప్రదేశ్ మంత్రిగారికి ఈ అంశం కేబినెట్‌లో వివరించే శ్రమ కొంత తగ్గుతుందని ఆశ.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 1894 యాక్టులో మెడికల్ ఆఫీసరు కింద "మెడికల్ సబార్డినేట్" అని ఒకరుంటారు. అసిస్టెంటు సర్జను, అపోథెకరీ, అర్హత ఉన్న హాస్పిటల్ అసిస్టెంటు, ఈ ముగ్గురిలో ఎవరైనా. ఒంట్లో బాగా లేదన్న ఖైదీ పేరు ఆలస్యం లేకుండా జైలరుకు చేరాలి, జైలరు ఆలస్యం లేకుండా ఈ సబార్డినేటుకు చెప్పాలి, ఆయన రాసిచ్చింది అమలు చెయ్యాలి. బ్రిటిషువాడు ఖైదీ మీద ప్రేమతో రాయలేదు గానీ, రోగికీ డాక్టరుకీ మధ్య ఎప్పుడూ దొరికే ఒక మనిషి ఉండాలని అతనికి తెలిసింది. అపోథెకరీలు ఎప్పుడో పోయారు. ఆ కుర్చీలో కొన్నిచోట్ల ఫార్మసిస్టు కూర్చున్నారు, కొన్నిచోట్ల ఖాళీగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా జైళ్లలోని మెడికల్ ఆఫీసర్లకు శిక్షణ ఇవ్వమంది. రాత్రి మెలకువగా ఉండాల్సిన మనిషిని అది కూడా మరిచింది. కేంద్ర హోం శాఖ 2023లో కొత్త నమూనా జైలు చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. మీ రాష్ట్రాల్లో నియమాలు తిరగరాసేటప్పుడు ఆ బల్ల దగ్గర మీ శాఖ మనిషి ఒకరు కూర్చోవాలి, మెడికల్ సబార్డినేట్ అన్న ఆ ముగ్గురి పక్కన నర్సు అనే మాట రాయించాలి.

నర్సుల్ని పెట్టినంత మాత్రాన సరిపోతుందా? పోదు. అది అమెరికాను చూస్తే తెలుస్తుంది. 1973లో టెక్సాసు జైల్లో పనిచేస్తున్న గాంబుల్ అనే ఖైదీ మీద పత్తి బేలు పడింది. నడుం నొప్పికి సరైన వైద్యం చెయ్యలేదని అతను వేసిన కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 1976 తీర్పులో డాక్టరు మీద గాంబుల్ నెగ్గలేదు గానీ, ఖైదీకున్న తీవ్రమైన జబ్బును తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్ష కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. దాంతో జైళ్లలో వైద్య సిబ్బంది తప్పనిసరయ్యారు. ఆ సిబ్బందిలో పెద్ద పాలు ప్రాక్టికల్ నర్సులది. హైస్కూలు తర్వాత ఇంచుమించు ఏడాది శిక్షణ, ఒక పరీక్ష, లైసెన్సు, రిజిస్టర్డ్ నర్సు లేదా డాక్టరు పర్యవేక్షణలో పని. కౌంటీ జైళ్లలో మందుల బండి తోసుకుంటూ గది గదికీ వెళ్లేది, కొత్తగా వచ్చినవాణ్ని ప్రశ్నలడిగి ఫారం నింపేది, బీపీ, చక్కెర చూసేది చాలాచోట్ల వీళ్లే. ఇంతవరకూ నాకు నచ్చింది.

నచ్చనిది ఆ తర్వాత మొదలవుతుంది. ప్రాక్టికల్ నర్సు చూడాలి, రాయాలి, పైకి చెప్పాలి. ఇది గుండెపోటు కాదు, గ్యాసు, ఆసుపత్రి అక్కర్లేదు అని తేల్చే అధికారం ఆమె లైసెన్సులో లేదు. జైలు వైద్యాన్ని కాంట్రాక్టుకు తీసుకున్న కంపెనీ ఖర్చు కలిసొస్తుందని రాత్రి డ్యూటీకి ఆమెనొక్కదాన్నే పెడితే ఆ తేల్చడం ఆమె మీదే పడుతుంది. ఫోను చేస్తే అవతలి డాక్టరు విసుక్కుంటాడని చెయ్యడం మానేస్తుంది. ఖైదీ చనిపోతాడు, కోర్టులో బోనెక్కేది ఆమె. తక్కువ జీతం మనిషి మీద ఎక్కువ జీతం పని మోపడం అక్కడ కొత్త కాదు, ఇక్కడా కాదు. కాలిఫోర్నియాలో అయితే మొత్తం రాష్ట్ర జైళ్ల వైద్యమే కుప్పకూలి, 2006లో ఫెడరల్ కోర్టు దాన్ని ప్రభుత్వం చేతుల్లోంచి తీసేసి రిసీవరుకు అప్పగించింది. 2011లో సుప్రీంకోర్టు ఖైదీల సంఖ్యే తగ్గించమంది.

అందుకని మన జీవోలో నర్సు ఏం చెయ్యాలో ఎంత వివరంగా ఉంటుందో, ఏం చెయ్యకూడదో, ఎవరికి ఎన్ని నిమిషాల్లో చెప్పాలో కూడా అంతే వివరంగా ఉండాలి. ఏయే గుర్తులు కనిపిస్తే ఎవర్నీ అడగకుండా 108కి ఫోను చెయ్యొచ్చో జాబితా గోడ మీద ఉండాలి. ఆమె పంపాలన్న రోగిని సూపరింటెండెంటు ఆపడానికి వీల్లేకుండా ఉండాలి. వైద్య నిర్ణయాల్ని వైద్యేతర సిబ్బంది తోసిపుచ్చకూడదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో స్పష్టంగా ఉంది. ఇక ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మాట దయచేసి ఎత్తకండి. పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉన్న పిల్ల జైలు సూపరింటెండెంటుకు ఎదురు చెప్పగలదా? మీరే ఆలోచించండి.

మీకిది కొత్త పనీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేలు, రెండున్నర వేల మందికి ఒక విలేజ్ హెల్త్ క్లినిక్ అని పది వేలకు పైగా తలపెట్టి, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మధ్యస్థాయి వైద్య సేవకులుగా కూర్చోబెట్టారు. తెలంగాణలో పల్లె దవాఖానాలు పెట్టారు. బీపీ, షుగరు చూసి, మందులిచ్చి, తేలనివి ఈ-సంజీవనిలో డాక్టరుకు చూపించే పద్ధతి ఊళ్లలో నడుస్తోంది. సెంట్రల్ జైలు కూడా ఒక ఊరే, చుట్టూ గోడ కట్టిన ఊరు. ఆ ఊరికి మాత్రం క్లినిక్ అక్కర్లేదని ఎవరన్నారు? జైళ్లలో టెలిమెడిసిన్ పెడతామని అప్పుడప్పుడు వింటుంటాం. మంచిదే. కానీ కెమెరా ముందు రోగిని కూర్చోబెట్టగానే వైద్యం జరగదు. పొట్ట నొక్కి చూసి "కుడివైపు కింద గట్టిగా ఉంది సార్, ముట్టుకుంటే ఓర్చుకోలేకపోతున్నాడు" అని చెప్పే చెయ్యి ఇవతల ఉండాలి.

చదువుల గొడవ నేను పెట్టను. మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఏఎన్ఎం, ముగ్గురికీ జైల్లో పనుంది. సెంట్రల్ జైలులో ప్రతి షిఫ్టుకూ ఒక స్టాఫ్ నర్సు, ఆమెకు తోడు పగలు ఒక ఏఎన్ఎం. జిల్లా జైలుకు కనీసం రాత్రి ఒకరు. సబ్ జైలుకు పూర్తిగా ఒకరిని పెట్టడం దండగ, దగ్గరి పీహెచ్‌సీ నుంచి రోజూ ఒకరు వెళ్లి చూసి రావాలి. మన రెండు రాష్ట్రాల జైళ్లు దేశ సగటంత కిక్కిరిసినవి కావు కాబట్టి మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు.

ఫైనాన్స్ వాళ్లు మాత్రం లెక్క తప్పుతారు, ముందే చెబుతున్నాను. "ఒక జైలుకు ఒక నర్సు" అని శాంక్షన్ చేసి 24 గంటలూ ఉంటుందనుకుంటారు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఇరవై ఒకటి. ఒక మనిషి వారానికి ఆరు చేస్తుంది. అంటే మూడున్నర మంది. క్యాజువల్ లీవు, జ్వరం, ప్రసూతి సెలవు, ట్రైనింగు కలిపితే ఒక్క కుర్చీ ఎప్పుడూ నిండి ఉండటానికి అయిదుగురు కావాలి. ఇద్దర్నిచ్చి సర్దుకోమంటే రాత్రి డ్యూటీయే ఎగిరిపోతుంది, ఎప్పుడూ ఎగిరేది అదే. అవతలి పద్దు కూడా చూడమనండి. ఒక రోగిని ఆసుపత్రికి తేవాలంటే బండి, సాయుధ ఎస్కార్టు, ఒక పూట. ఎస్కార్టు దొరక్క స్కానింగ్ తేదీ దాటిపోయిన రోగుల్ని నేను చూశాను. గాయానికి కట్టు మార్చడానికీ, ఇంజక్షను వెయ్యడానికీ అంతమంది పోలీసులు రావాల్సిన పని లేదు.

ఆడవాళ్ల జైళ్ల గురించి విడిగా చెప్పాలి. హైదరాబాదు చంచల్‌గూడలో, రాజమహేంద్రవరంలో మహిళల ప్రత్యేక జైళ్లున్నాయి. తల్లితో ఆరేళ్ల వయసు దాకా పిల్లలు లోపల ఉండొచ్చు. 2006లో సుప్రీంకోర్టు ఈ పిల్లల గురించి ఇచ్చిన పెద్ద తీర్పు పేరులోనే మన రాష్ట్రం ఉంది: ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. గర్భిణి కాన్పు వీలైనంతవరకు బయటి ఆసుపత్రిలో జరగాలని, పుట్టిన బిడ్డ జన్మస్థలం జైలని రాయకూడదని, పిల్లలకు టీకాలు, వైద్య పరీక్షలు క్రమం తప్పకూడదని అందులో ఉంది. టీకాల కార్డు పట్టుకుని వారం వారం తిరిగేది ఈ దేశంలో ఎవరు? ఏఎన్ఎం. ఇంకొకటి, నెలసరి తప్పిందనో, రొమ్ములో గడ్డ తగులుతోందనో, లోపలికి రాకముందు తన మీద ఏం జరిగిందో ఒక ఆడమనిషి మగ డాక్టరుకు ఓపీ వరసలో నిలబడి, పక్కన వార్డరు వింటుండగా చెప్పదు. తలనొప్పి అని చెప్పి పారాసిటమాల్ తీసుకుని వెళ్లిపోతుంది. మహిళా ఖైదీ కోరితే మహిళా డాక్టరు లేదా నర్సు చూడాలని 2010 బ్యాంకాక్ నియమాలు అంటున్నాయి. డాక్టరు దొరక్కపోతే నర్సయినా అన్న ఆ మాట రాసినవాళ్లకు వార్డు తెలుసు.

జైలుకెళ్లిన నర్సు నెమ్మదిగా జైలు మనిషి అయిపోయే ప్రమాదం ఉంది. రోజూ అక్కడే టీ తాగుతుంది, సూపరింటెండెంటుగారి భార్యకు బీపీ చూస్తుంది, ఒకరోజు "వీణ్ని శిక్ష గదిలో పెడుతున్నాం, ఫిట్ అని సంతకం పెట్టమ్మా" అంటారు. ఆ సంతకం ఆమె పెట్టకూడదు. బట్టలు విప్పించి సోదా చేసే పనీ ఆమెది కాదు. శిక్ష గదిలో ఉన్నవాణ్ని రోజూ వెళ్లి చూడటం మాత్రం ఆమె పనే. ఖైదీ ఆమెను నమ్మి నిజం చెప్పాలంటే ఆమె తాళాలవాళ్ల మనిషి కాదని అతనికి తెలియాలి. అది ఎవరి ఉపన్యాసం వల్లా తెలియదు. ఆమె సెలవు చీటీ డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు వెళ్తుందా, జైలరు బల్ల మీదికి వెళ్తుందా అన్నదాన్ని బట్టి నెల తిరగకుండా జైలంతటికీ తెలిసిపోతుంది. నార్వేలో 1988లో, ఫ్రాన్సులో 1994లో, ఇంగ్లండులో 2006 నాటికి జైలు వైద్యం మొత్తాన్ని జైలు శాఖ చేతిలోంచి తీసి ఆరోగ్య వ్యవస్థకు అప్పగించడానికి ఒక కారణం ఇదే. అంత పెద్ద మార్పు ఇప్పుడే అడగడం లేదు. పది, పదిహేను పోస్టులతో మొదలయ్యే సంగతి అడుగుతున్నాను.

తెలంగాణ మంత్రిగారికి ఒక్క మాట. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు పడగొట్టి ఆ నేల మీద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తలపెట్టారు. ఖైదీల్ని వేరే జైళ్లకు సర్దారు. జైలు పోయి ఆసుపత్రి వస్తుందంటే నాబోటిది ఎందుకు వద్దంటుంది? ఆ సర్దిన ఖైదీలకు కూడా ఒక చిన్న ఆసుపత్రి గది, అందులో ఒక మనిషి కావాలని మాత్రం అంటాను.

రెండు రాష్ట్రాల్లోనూ చెరో సెంట్రల్ జైలు ఎంచుకోండి. ఏడాది నడపండి. ఒంట్లో బాగాలేదని చెప్పినప్పటి నుంచి ఎవరైనా చూసేదాకా ఎంతసేపు పట్టింది, ఎన్ని డోసులు తప్పాయి, ఎన్ని ఎస్కార్టు ప్రయాణాలు తగ్గాయి, రాత్రి పంపిన రోగుల్లో ఎందరిని ఆసుపత్రి చేర్చుకుంది, ఈ నాలుగూ రాయించండి. మంచి జరిగితే మీ ఖాతాలో వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

జీవో రాసేటప్పుడు ఒక చిన్న వాక్యం మర్చిపోకండి. జైలు గేటు దగ్గర లోపలికెళ్లే వాళ్ల సెల్‌ఫోన్లు తీసిపెట్టుకుంటారు. భద్రత కోసం అది ఉండాల్సిందే. అందుకని నర్సు గదిలో బయటికి మాట్లాడే ల్యాండ్‌లైను ఒకటి, డ్యూటీ డాక్టరు నంబరుతో సహా, మొదటి రోజునాటికే పెట్టించండి. లేకపోతే డాక్టరుకు ఫోను చెయ్యమని పెట్టిన మనిషి రాత్రి రెండింటికి లేచి, ఫోను చేసుకోనిస్తారా అని మళ్లీ వార్డరునే అడగాల్సి వస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు